ప్రొఫెషనల్ రగ్బీలో జనమెంత, పైసలెంత? నల్లగొండ, పాలమూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

2025 జూన్‌లో హైదరాబాద్ హీరోస్ అనే రగ్బీ జట్టు టీవీలో కనిపించినప్పటి నుంచి మన వైపు ఈ ఆట గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు పొద్దున వాకింగ్‌కు వచ్చే పెద్దమనుషులూ అడుగుతున్నారు, పాలమూరు డిగ్రీ కాలేజీ పిల్లలూ అడుగుతున్నారు. రూల్స్ మీద వచ్చే ప్రశ్నలు కొన్నే. మిగతావన్నీ చుట్టూ తిరిగి ఒక్కచోటికే వస్తాయి: "ఇందులో పైసలున్నాయా సార్?" జనం ఉన్నారు, పైసలు మాత్రం అంత లేవు. ఎందుకో కింద చదవండి.

స్టేడియం నిండితే క్లబ్ లాభాల్లో ఉన్నట్టే కదా?

అలా అనుకోవద్దు. మన ఊళ్లలో సంక్రాంతికి పెట్టే కబడ్డీ టోర్నీ లెక్క ఒకసారి చూడండి. ఎంట్రీ ఫీజులతో వచ్చింది టెంట్ హౌస్ కుర్చీలకు, మైక్ సెట్‌కు కూడా సరిపోదు. మొదటి బహుమతి ఒక నాయకుడు ఇస్తాడు, రెండోది ఒక ప్లాట్ల వ్యాపారి ఇస్తాడు, భోజనాలు ఇంకో దాత చూసుకుంటాడు. గ్రౌండ్ చుట్టూ ఇసుకేస్తే రాలనంత జనం ఉన్నా కమిటీ చేతిలో రూపాయి మిగలదు. వచ్చే ఏడు ఆ దాత మొహం చాటేస్తే టోర్నీయే ఉండదు. యూరప్‌లో చాలా రగ్బీ క్లబ్‌ల కథ ఇదే. అక్కడ సున్నాలు ఎక్కువ, అంతే.

అసలు చిక్కు ఆట స్వభావంలోనే ఉంది. రగ్బీలో ఒంటికి తగిలే దెబ్బలు ఎక్కువ, కాబట్టి వారానికి ఒక మ్యాచ్ కన్నా ఎక్కువ ఆడించలేరు. అందులో సగం బయటి ఊళ్లలోనే. ఇంగ్లండ్‌లో రగ్బీ క్లబ్‌ల పై స్థాయి లీగ్ ప్రీమియర్‌షిప్. 10 జట్లున్న అందులో ఒక క్లబ్‌కు సొంత గ్రౌండ్‌లో దొరికేవి 9 లీగ్ మ్యాచ్‌లు. కప్ మ్యాచ్‌లు కలిపినా ఏడాదిలో ఎక్కువ రోజులు స్టేడియం ఖాళీగానే పడి ఉంటుంది. ఖర్చు మాత్రం ఖాళీగా కూర్చోదు. మ్యాచ్ రోజున 15 మంది మైదానంలో, 8 మంది బెంచ్ మీద ఉంటారు. గాయాలు లెక్కేసుకుంటే 40 మందికి పైనే జీతాలిచ్చి పెట్టుకోవాలి. డాక్టర్లు, ఫిజియోలు, కోచ్‌లు వేరే.

మరి ఐపీఎల్ జట్టుకూ సొంత ఊళ్లో 7 మ్యాచ్‌లే కదా?

మంచి ప్రశ్న. తేడా టీవీలో ఉంది. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. అంటే గేటు దగ్గర ఒక్క టికెట్ తెగకపోయినా జట్ల కడుపు నిండుతుంది. రగ్బీ యూనియన్ రకంలో (రకాల సంగతి కింద ఉంది) బాగా సంపాదించే క్లబ్ లీగ్ ఫ్రాన్స్‌లోని టాప్ 14. దానికి కెనాల్ ప్లస్ ఛానెల్ 2023 నుంచి ఇస్తున్నది ఏడాదికి 11 కోట్ల యూరోల పైచిలుకు. యూరో వంద రూపాయలనుకున్నా 1,100 కోట్లు దాటి కొంచెం. ఐపీఎల్‌కు ఒక్క ఏడాదికి వచ్చేది దానికి ఎనిమిది రెట్లు. యూనియన్‌లో అందరికన్నా పెద్దన్న పరిస్థితే ఇది. మిగతా లీగ్‌ల సంగతి మీరే ఊహించుకోండి.

రగ్బీలో జీతాలు ఎప్పటి నుంచి మొదలయ్యాయి?

రగ్బీ రెండు రకాలు: లీగ్, యూనియన్. ఇక్కడ చెప్పుకునేది చాలావరకు యూనియన్ గురించే. 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్‌లు హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో సమావేశమై పాత సంఘం నుంచి విడిపోయాయి. అక్కడి ఆటగాళ్లు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు. శనివారం మ్యాచ్ ఆడితే ఆ పూట కూలి పోతుంది. ఆ పోయిన కూలి మేం ఇస్తామని క్లబ్‌లు అంటే, కుదరదని పెద్దలు అన్నారు. అలా పుట్టిందే రగ్బీ లీగ్. దొరల ఆటగా మిగిలిన రగ్బీ యూనియన్ ఇంకో వందేళ్లు జీతం మాట ఎత్తనివ్వలేదు. 1995 ఆగస్టులో ప్యారిస్‌లో ఆ తలుపు తెరిచింది. అప్పటికే దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా బోర్డులు రూపర్ట్ మర్డాక్ కంపెనీతో పదేళ్లకు 55 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం చేసుకున్నాయి. ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ముప్పై ఏళ్లంటే ఒక వ్యాపారానికి పెద్ద వయసేమీ కాదు. లెక్కలు ఇంకా కుదురుకోలేదనడానికి అదీ ఒక కారణం.

ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్‌లే మూతపడ్డాయట, నిజమేనా?

నిజమే. 2022 సెప్టెంబర్‌లో వూస్టర్ వారియర్స్, అక్టోబర్‌లో వాస్ప్స్, 2023 జూన్‌లో లండన్ ఐరిష్ పడిపోయాయి. తొమ్మిది నెలల్లో మూడు క్లబ్‌లు. 13 జట్ల లీగ్ 10కి దిగింది. 2023లో రెండో డివిజన్ గెలిచిన జెర్సీ రెడ్స్ కూడా కొన్ని నెలలకే చేతులెత్తేసింది.

వాస్ప్స్ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1867లో పుట్టిన క్లబ్, రెండుసార్లు యూరప్ ఛాంపియన్. లండన్‌లో సొంత స్టేడియం లేదు. ఆ గొడవే వద్దనుకొని 2014లో అక్కడికి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని కోవెంట్రీలో స్టేడియం కొనుక్కొని మకాం మార్చింది. మరుసటి ఏడు బాండ్ల రూపంలో 3.5 కోట్ల పౌండ్లు, అంటే ఇప్పటి లెక్కలో దాదాపు 400 కోట్ల రూపాయలు అప్పు తెచ్చింది. వడ్డీ ఆరున్నర శాతం, తీర్చాల్సింది 2022 మేలో. బాండ్లు కొన్నవాళ్లలో అభిమానులూ ఉన్నారు. తర్వాత కొవిడ్ వచ్చింది, గేట్లు మూతపడ్డాయి. గడువు నాటికి అసలు కట్టడానికి డబ్బు లేదు, కొత్త అప్పు పుట్టలేదు, పన్ను బాకీ నెత్తిన కూర్చుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

అందరూ కొవిడ్‌నే తిడతారు గానీ, నా లెక్కలో కొవిడ్ బయటపెట్టింది మాత్రమే. అంతకుముందు కూడా చాలా క్లబ్‌లు యజమాని జేబు మీదే నడిచేవి. కొవిడ్‌లో ప్రభుత్వం ప్రీమియర్‌షిప్ క్లబ్‌లకు 12 కోట్ల పౌండ్లకు పైగా సాయం చేసింది, అదీ చాలావరకు అప్పుగానే. తీర్చాల్సిన అప్పుతో పాత అప్పు తీరదు కదా.

వూస్టర్ మాత్రం కొత్త యజమానులతో 2025లో రెండో డివిజన్‌లో మళ్లీ దిగింది.

జీతాలకు పరిమితి పెట్టుకోవచ్చు కదా?

పెట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో 2024–25 నుంచి ఒక జట్టు మొత్తం జీతాలకు పరిమితి 64 లక్షల పౌండ్లు. పరిమితి దాటితే శిక్ష గట్టిగానే ఉంటుంది. సారసెన్స్ క్లబ్ ఆటగాళ్లతో యజమాని కలిసి పెట్టిన వ్యాపార పెట్టుబడులను జీతాల కింద చూపించలేదని 2019 నవంబర్‌లో 53.6 లక్షల పౌండ్ల జరిమానా వేసి 35 పాయింట్లు కోశారు. చివరికి కింది డివిజన్‌కు దించారు. అప్పటికి అది యూరప్ ఛాంపియన్ జట్టు.

అయితే పరిమితి ఉందంటే ఆ జీతాలు భరించే ఆదాయం ఉందని కాదు. పరిమితి పక్క క్లబ్‌తో పోటీలో సమానత్వం కోసం. సంపాదనకు మించి ఖర్చు పెట్టకుండా అదొక్కటే ఆపలేదు.

ఫ్రాన్స్‌లో ఎందుకు బాగా నడుస్తోంది?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది, ఎందుకంటే జవాబులో కాస్త్ర్ అనే ఊరు వస్తుంది. ఫ్రాన్స్ నైరుతి మూలన ఉన్న ఆ ఊరి జనాభా 42 వేల దాకా. మన గద్వాల కన్నా చిన్నది. ఆ ఊరి జట్టు 2013లో, మళ్లీ 2018లో దేశ ఛాంపియన్ అయింది! ప్యారిస్, తూలూజ్, మాంట్‌పెలియర్ లాంటి నగరాల జట్లను దాటుకొని.

ఎలాగంటే, పియెర్ ఫాబ్ర్ అనే మందుల కంపెనీ అదే ఊళ్లో పుట్టింది. ఆ ఊళ్లో ఉద్యోగాలూ ఆ కంపెనీవే, రగ్బీ జట్టుకు అండా ఆ కంపెనీదే. స్టేడియానికీ ఆ పేరే. క్లెర్మాన్ ఫెరాన్‌లో మిషెలిన్ టైర్ల కుటుంబం 1911లోనే క్లబ్ పెట్టింది. ఆ జట్టు పది ఫైనళ్లు ఓడి, 2010లో మొదటిసారి గెలిచింది. తొంభై తొమ్మిదేళ్లు ఓపిక పట్టిన ఊరు అది. టికెట్ కొనేవాడు గెలుపోటములు చూసి రాడని దీన్నిబట్టి తెలుస్తుంది. తన ఊరి పేరు జెర్సీ మీద ఉందని వస్తాడు.

దీనికి తోడు చాలాచోట్ల స్టేడియం మున్సిపాలిటీది, క్లబ్ అద్దెకు ఆడుతుంది. టీవీ డబ్బు ఇంగ్లండ్ కన్నా చాలా ఎక్కువ. పద్దులు తనిఖీ చేసే ప్రత్యేక సంస్థ ఒకటుంది. లెక్కలు తేడా కొడితే మైదానంలో గెలిచిన జట్టునైనా కింది డివిజన్‌కు దించగలదు. అలాగని అక్కడ నష్టాలు లేవని కాదు. చాలా క్లబ్‌లకు ఏడాది చివర్లో యజమాని చెక్కు రాయాల్సిందే.

జపాన్‌లో ఆటగాళ్లు కంపెనీ ఉద్యోగులట?

చాలామంది అవును. టొయోటా, సంటోరీ, పానసోనిక్, తోషిబా, కోబే స్టీల్ లాంటి కంపెనీల జట్లే అక్కడ ఆడతాయి. 2022లో లీగ్ వన్ పేరుతో కొత్తగా మొదలుపెట్టి ఊళ్లతో ముడి వేశారు. మన రైల్వేస్, సర్వీసెస్, పోలీస్ జట్ల పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పెద్ద ఆటగాళ్లు కెరీర్ చివర్లో అక్కడికి వెళ్లేది ఎక్కువ జీతం, తక్కువ మ్యాచ్‌ల కోసమే.

క్లబ్‌లు సరే, దేశం జట్టు మ్యాచ్‌లకు టికెట్లు దొరకవంటారు కదా? అక్కడైనా డబ్బుందా?

ఉంది. రగ్బీలో ఉన్న డబ్బులో పెద్ద వాటా అక్కడే పుడుతుంది. లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో 82 వేల సీట్లు. ఏటా ఆరు యూరప్ దేశాలు ఆడే సిక్స్ నేషన్స్ టోర్నీ మ్యాచ్‌లకు అవి నిండుతాయి. 2024లో దానికి అలియాంజ్ బీమా కంపెనీ పేరు పెట్టారు, అదీ డబ్బు కోసమే. అయినా అదే ఏడాది ఇంగ్లండ్ బోర్డు 3.79 కోట్ల పౌండ్ల నిర్వహణ నష్టం చూపించింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కాబోలు. కారణం మాత్రం వింతేమీ కాదు: ప్రపంచ కప్ జరిగే ఏడు శీతాకాలం ముందు సొంతగడ్డ మీద పెద్ద మ్యాచ్‌లు ఉండవు, గేటు డబ్బు పడిపోతుంది. అందుకే వాళ్లు నాలుగేళ్లకోసారి లెక్క చూసుకుంటారు. అదే నష్టాల ఏడు బోర్డు సీఈఓకు బోనస్‌తో కలిపి 11 లక్షల పౌండ్లు ముట్టాయని తెలిసి కింది క్లబ్‌లు భగ్గుమన్నాయి. 2025 మార్చిలో అవిశ్వాసం పెట్టారు, ఆయన గట్టెక్కారు.

ఆస్ట్రేలియా బోర్డు 2024లో 3.68 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల నష్టంలో పడింది. 2025లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ (ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ ఆటగాళ్లను కలిపి కట్టే జట్టు) పర్యటన దాన్ని ఒడ్డుకు లాగింది. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాల లాంటిది ఆ పర్యటన.

బయటి పెట్టుబడి కంపెనీలు ఎందుకు వస్తున్నాయి మరి?

ఇంత జనం ఉన్నచోట ఇంత తక్కువ డబ్బా, మేమైతే పిండగలం అన్న ధీమాతో. సీవీసీ అనే కంపెనీ 2018లో ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్‌లో 27 శాతం వాటాకు 20 కోట్ల పౌండ్లకు పైగా పెట్టింది. 2021లో సిక్స్ నేషన్స్‌లో ఏడో వంతుకు 36.5 కోట్ల పౌండ్లు పెట్టింది. ఆ వాటా డబ్బు చేతిలో పడ్డాక కూడా మూడు క్లబ్‌లు మునిగాయి చూశారా? ముందే వచ్చిన ఆదాయాన్ని జీతాలకు కరిగించేస్తే జరిగేది అదే. 2025 ఆగస్టులో రెడ్ బుల్ న్యూకాజిల్ క్లబ్‌ను కొని తన పేరు పెట్టుకుంది.

ప్రభుత్వాలు డబ్బు పెడతాయా?

పెడతాయి, కొన్నిసార్లు ఆట కోసం కాకుండా కూడా. 2028లో పాపువా న్యూ గినీ జట్టు ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ రకం ఆడే పెద్ద పోటీలో చేరుతోంది. దానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లలో 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఇస్తోంది. ఆ ద్వీపాల్లో చైనా పలుకుబడి పెరగకూడదన్నది అసలు ఉద్దేశం. మన దగ్గర ఒడిశా ప్రభుత్వం జాతీయ రగ్బీ జట్లకు స్పాన్సర్‌గా నిలిచింది.

చూడటానికి ఎలా ఉంటుంది? కబడ్డీ అలవాటైన కళ్లకు ఎక్కుతుందా?

ఎక్కుతుంది. ఎదుటివాణ్ని పట్టి కింద పడేయడం, పట్టు విడిపించుకొని గీత దాటడం మన వాళ్లకు వేరే చెప్పాలా? గీత అవతల బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. తర్వాత గోల్ కొడితే ఇంకో 2. పెనాల్టీకి 3. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. ఇంత తెలిస్తే మ్యాచ్ చూడొచ్చు.

విసుగు పుట్టించేది ఆట మాటిమాటికీ ఆగిపోవడం. 80 నిమిషాల మ్యాచ్‌లో బంతి నిజంగా ఆటలో ఉండేది 35 నిమిషాలు అటూ ఇటూ. స్క్రమ్ (రెండు జట్ల ఆటగాళ్లు వంగి, భుజాలు కలిపి బంతి కోసం నెట్టుకునే గుంపు) కూలడం, మళ్లీ కట్టడం, మళ్లీ కూలడం. రిఫరీ టీవీ అంపైర్‌ను అడుగుతుంటే స్టేడియమంతా పెద్ద తెర వైపు చూస్తూ నిలబడుతుంది. ఎందుకు విజిల్ వేశాడో పక్కనున్న పాత అభిమానికి కూడా ఒక్కోసారి అర్థం కాదు. కొత్త ప్రేక్షకుడు ఛానెల్ మార్చేది సరిగ్గా అక్కడే. అందుకే 2023 నుంచి కిక్కులకు గడియారం పెట్టారు. పెనాల్టీకి 60 సెకన్లు, ట్రై తర్వాతి కిక్‌కు మొదట 90, 2025 నుంచి అదీ 60. రెయిడర్‌కు 30 సెకన్లే ఇచ్చే ప్రో కబడ్డీ చూసినవాళ్లకు ఇదీ ఎక్కువే అనిపిస్తుంది.

స్టేడియానికి జనాన్ని రప్పించిన మొనగాడు ఎవరైనా ఉన్నాడా?

మాక్స్ గ్వాజ్జీని. రేడియో రంగం నుంచి వచ్చి ప్యారిస్‌లోని స్టాడ్ ఫ్రాన్సే క్లబ్‌ను నడిపాడు. 2005లో ఒక మామూలు లీగ్ మ్యాచ్‌ను జాతీయ స్టేడియానికి మార్చి, అగ్గువ టికెట్లు పెట్టి, ఆటకు ముందు పెద్ద షో చేసి దాదాపు 80 వేల మందిని కూర్చోబెట్టాడు. ఆటగాళ్లకు గులాబీ రంగు జెర్సీ వేయించాడు. నవ్వినవాళ్లు నవ్వారు, జెర్సీలు మాత్రం బాగా అమ్ముడుపోయాయి. ఇంగ్లండ్‌లో హార్లెక్విన్స్ 2008 నుంచి క్రిస్మస్ రోజుల్లో ట్వికెన్‌హామ్‌లో ఇలాగే ఒక పెద్ద మ్యాచ్ పెడుతోంది. అయితే షో చూడటానికి వచ్చినవాడు పక్క వారం మామూలు గ్రౌండ్‌కు వస్తాడా అన్నది వేరే సంగతి. గ్వాజ్జీని క్లబ్ కూడా 2011లో డబ్బుల్లేక కష్టాల్లో పడి చేతులు మారింది.

మహిళల రగ్బీకి జనం వస్తున్నారా?

2025 సెప్టెంబర్ 27న ట్వికెన్‌హామ్‌లో మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌కు 81,885 మంది వచ్చారు. ఇంగ్లండ్ 33–13తో కెనడాను ఓడించింది. ఈ ఆటలో ఇప్పుడు నిజంగా పెరుగుతున్న భాగం ఇదే అని నా నమ్మకం.

హైదరాబాద్ హీరోస్ మన జట్టేనా?

పేరు మనదే. 2025 జూన్ 15 నుంచి 29 వరకు జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్ తొలి సీజన్‌లో ఆరు జట్లు 34 మ్యాచ్‌లు ఆడాయి, అన్నీ ముంబైలోనే. ఆ సీజన్‌లో హైదరాబాద్ హీరోస్ హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అంటే నల్లగొండ నుంచో జడ్చర్ల నుంచో పొద్దున బస్సెక్కి వెళ్లి చూసొచ్చే వీలు లేకపోయింది, క్లబ్‌కు సొంత ఊళ్లో గేటు డబ్బూ లేకపోయింది. కొత్త లీగ్‌కు ఒకే ఊళ్లో ఆడితే ఖర్చు తగ్గుతుంది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ కాస్త్ర్ జనాన్ని స్టేడియానికి నడిపించిన ఊరి మమకారం ఇలా రాదు.

ఆడింది సెవెన్స్. జట్టుకు ఏడుగురు, నాలుగు నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. చెన్నై బుల్స్ ఫైనల్లో ఢిల్లీ రెడ్జ్‌ను 41–0తో చిత్తు చేసి గెలిచింది. టీవీకి, మన దేశానికి సరిపోయే రూపం సెవెన్సే. 2016 ఒలింపిక్స్‌లో ఫిజీ తన చరిత్రలో మొదటి పతకమే బంగారంగా కొట్టింది ఇందులోనే.

మన జిల్లాలో రగ్బీ టోర్నీ పెట్టొచ్చా?

సెవెన్స్ అయితే పెట్టొచ్చు. ఫుట్‌బాల్ గ్రౌండ్ సైజు స్థలం, మెత్తటి నేల కావాలి. మన వైపు గ్రౌండ్లలో చాలావాటిలో గడ్డి కన్నా మొరం ఎక్కువ. అలాంటి నేల మీద టాకిల్ (ఎదుటివాణ్ని పట్టి కింద పడేయడం) ఆడించొద్దు. నడుముకు కట్టిన పట్టీ లాగేసే ట్యాగ్ రగ్బీతో మొదలుపెట్టండి.

ప్రేక్షకుల సీట్ల దగ్గర పైసలు మిగిల్చుకోవాలని చూడొద్దు. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల మొదటి రోజే గ్యాలరీ కూలి దాదాపు వంద మంది గాయపడ్డారు. నేల మీద కూర్చున్నా ఫర్వాలేదు, లెక్క లేకుండా కట్టిన గ్యాలరీ వద్దు.

మా పిల్లలు ఆడితే ఉద్యోగం వస్తుందా? దెబ్బల సంగతేంటి?

కేంద్ర ప్రభుత్వం 2020లో గ్రూప్ సి ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలో రగ్బీని చేర్చింది. ఏ స్థాయి పోటీ సర్టిఫికెట్ చెల్లుతుందో ప్రతి నోటిఫికేషన్‌లో విడిగా ఉంటుంది, అది చదవకుండా ఎవరి మాటా నమ్మొద్దు. లీగ్ ఆడి స్థిరపడొచ్చని ఇప్పుడే చదువు మాన్పించకండి. రెండు వారాల లీగ్ ఇంటిల్లిపాదినీ ఏడాదంతా పోషించదు.

దెబ్బలు తేలిగ్గా తీసుకునేవి కావు. 2003లో ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ థాంప్సన్‌కు నలభై దాటగానే మతిమరుపు జబ్బు బయటపడింది. ఆ ఫైనల్ ఆడిందే గుర్తు లేదని చెప్పాడు. ఆయనతో పాటు వందల మంది మాజీలు బోర్డుల మీద కోర్టుకెళ్లారు. కాబట్టి పిల్లల్ని చేర్చే ముందు కోచ్‌ను మూడు అడగండి: టాకిల్ భుజం కిందనే పట్టడం నేర్పుతున్నారా, తలకు దెబ్బ తగిలితే ఆ రోజు ఆట ఆపి డాక్టర్ ఒప్పుకునే దాకా బయట కూర్చోబెడతారా, జట్టుకు ప్రమాద బీమా ఉందా. మూడింటిలో ఒక్కదానికి నీళ్లు నమిలినా పిల్లల్ని ఇంటికి తీసుకొచ్చేయండి.